పాత స్క్రీన్ ముందు కూర్చోబెట్టిన రోజు

మీలో చాలామంది స్క్రీన్లు తయారుచేసే ఉద్యోగాల్లో ఉన్నారు. నేను ఆ స్క్రీన్లు మారిన మర్నాడు తిట్లు తినే ఉద్యోగం చేశాను. కెనడాలో, హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో, డెస్క్‌టాప్ సపోర్ట్ విభాగంలో, జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి పూర్తిగా నెరిసేదాకా అక్కడే ఉన్నాను. ఎవరైనా ఫోన్ చేసి కంప్యూటర్ పనిచేయడం లేదంటే వెళ్లి చూడటం నా పని. సగంసార్లు కంప్యూటర్ బాగానే ఉండేది. దాని ముందు కూర్చున్న మనిషి అలిసిపోయి ఉండేవారు.

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీ తాగుతుంటే, పక్క ఊరు కిచెనర్‌లో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి అడిగింది, ఆంటీ, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ ప్రాజెక్ట్ ఏంటి అని. ఒక బటన్‌ని మూల నుంచి మధ్యలోకి జరిపాం అన్నాను. చుట్టూ ఉన్న పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి వచ్చాక, అది అంత నవ్వేసి వదిలేసే సంగతి కాదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ రాయమన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు. ఒక్కళ్ల పేరు దాచి మిగతావాళ్ల పేర్లు పెట్టడం బాగుండదు కనక ఎవరి పేరూ పెట్టలేదు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది మా ఆసుపత్రిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాల్సి వచ్చింది. పాత వెర్షన్‌కి కంపెనీ ఇక అప్‌డేట్లు ఇవ్వనంది. అప్‌డేట్లు లేని కంప్యూటర్‌ని ఆసుపత్రిలో ఉంచడం ప్రమాదం. కాబట్టి మార్చడం తప్పదు, అందులో ఎవరి తప్పూ లేదు. పైవాళ్లు అందరికీ ఒక మెయిల్ పంపారు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది గానీ పని చేసే తీరు పాతదేనని అందులో రాశారు. ఆ వాక్యం రాసినవాళ్లు ఎప్పుడూ వార్డులో పనిచేసి ఉండరు.

ఏం మారిందంటే, చెప్పుకోడానికి చాలా చిన్న సంగతులు. ప్రోగ్రాములన్నీ తెరిచే బటన్ ఏళ్ల తరబడి స్క్రీన్‌కి ఎడమవైపు కింది మూలలో ఉండేది. ఇప్పుడది కింది వరసలో మధ్యకి వచ్చింది. పైగా పక్కన ఇంకో ప్రోగ్రాం తెరిస్తే అది ఇంకాస్త జరుగుతుంది. మౌస్ కుడివైపు నొక్కితే ఇదివరకు కాపీ, పేస్ట్ అని మాటలు కనబడేవి. ఇప్పుడు వాటి బదులు చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. మిగతావి చూడాలంటే ఇంకోసారి నొక్కాలి. విండోల అంచులు గుండ్రంగా అయ్యాయి. అంతే.

వినడానికి అంతే అనిపిస్తుంది గానీ, చేతిలో సూదిమందు పట్టుకుని, ఇంకో పక్క రోగి పిలుస్తుంటే, ఒక కన్ను గడియారం మీద పెట్టి పనిచేసే నర్సుకి చూసి నొక్కే తీరిక ఉండదు. ఆ అమ్మాయి చెయ్యి దానంతటదే మూలకి పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. అప్పుడు ఆ కోపమంతా పడేది మా మీద.

మాకు నారింజరంగు జాకెట్లు ఇచ్చారు, ఎవరిని అడగాలో దూరం నుంచే తెలియాలని. ఎవరిని తిట్టాలో కూడా దూరం నుంచే తెలిసేది. పొద్దున్న లోపలికి అడుగుపెట్టిన దగ్గర్నుంచి కారిడార్లలో నడవడమే. ఒక సర్జన్ నన్ను చూడగానే లిఫ్ట్‌లోంచి దిగిపోయాడు. ఒక క్లర్క్ ఏడ్చింది. సాయంత్రానికి మోకాళ్లు పట్టేసేవి. పార్కింగ్‌లో కారులో కూర్చుని, స్టార్ట్ చేయకుండా కాసేపు ఊరికే ఉండిపోయేదాన్ని.

నాతో తిరిగే సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, తండ్రి స్టీల్ మిల్లులో చేశాడట. ఆరడుగుల పైన ఉంటాడు, కోపం రాదు. మొదటి వారం అయ్యేసరికి అతను చిన్న చిన్న స్టిక్కర్లు ప్రింట్ చేయించి తెచ్చి, ప్రతి మానిటర్‌కీ ఎడమవైపు కింద అంటించడం మొదలుపెట్టాడు. వాటి మీద "ఇక్కడ లేదు" అని మాత్రమే ఉండేది. మేం పెట్టిన ట్రైనింగ్ క్లాసులన్నిటికన్నా ఆ స్టిక్కర్లే ఎక్కువ పనిచేశాయి.

నిజానికి ఆ బటన్‌ని తిరిగి ఎడమవైపుకి జరిపే సెట్టింగ్ అందులోనే ఉంది. కానీ అన్ని కంప్యూటర్లూ ఒకేలా ఉండాలని దానికి తాళం వేశారు. ఆ తాళం తీయమని మా మేనేజర్ని నేను అడిగాను. రిచ్‌మండ్ హిల్ నుంచి రోజూ అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చే ఆవిడ, నాకంటే చాలా చిన్నది, మంచిదే. తన చేతిలో లేదంది. పైవాళ్ల చేతిలో కూడా లేదట. ఎవరి చేతిలో ఉందో నేను రిటైరయ్యేదాకా తెలియలేదు.

ఇక డాక్టరుగారి సంగతి.

ఆయన కిడ్నీల డాక్టరు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాకంటే పదేళ్లు పెద్ద ఉంటారేమో. రిటైర్ అవ్వాల్సిన వయసు దాటినా డయాలసిస్ యూనిట్‌కి వస్తూనే ఉండేవారు, వారంలో కొన్ని మధ్యాహ్నాలు క్లినిక్ కూడా నడిపేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు కాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లో మా చెల్లెలితో ఈ చలి గురించీ ఇక్కడి మనుషుల గురించీ నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నాను, ఎవరికీ అర్థం కాదులే అని. ట్రే పట్టుకుని పక్కనుంచి వెళ్తున్న ఆయన ఆగి, మీది కాకినాడ వైపా అమ్మా అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎక్కడ కనబడ్డా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే, ఇవాళ ఎవరిని తిట్టావమ్మా అని.

డయాలసిస్‌కి వచ్చేవాళ్లు వారంలో మూడుసార్లు వచ్చి, గంటల తరబడి ఆ కుర్చీల్లో పడి ఉంటారు. ఏళ్ల తరబడి వస్తారు. ఆయన ఒక్కొక్కళ్ల దగ్గరా స్టూలు వేసుకు కూర్చునేవారు. ఎవరి కూతురికి పెళ్లయింది, ఎవరి కుక్క చచ్చిపోయింది, ఎవరు ఉప్పు మానకుండా అబద్ధం చెబుతున్నారు, అన్నీ ఆయనకు తెలుసు. నేను ప్రింటర్ సరిచేస్తూ ఆ మాటలు వినేదాన్ని. ఆ యూనిట్‌లో ప్రింటర్ బాగుచేయడానికి నాకు అవసరమైనదానికన్నా ఎక్కువసేపు పట్టేది.

కొత్త స్క్రీన్ వచ్చాక ఆయన దగ్గర్నుంచి కాల్స్ మొదలయ్యాయి. వెళ్లి చూపించేదాన్ని. మర్నాడు మళ్లీ అదే. అందులో వింతేముంది, ఆసుపత్రిలో అందరిదీ అదే వరస. ఆయన చిరాకు పడకుండా, మీవాళ్లు ఇల్లు మార్చారు గానీ అడ్రస్ చెప్పలేదమ్మా అని నవ్వేవారు. నర్సులందరికీ ఆయనంటే ప్రాణం. పాపం ఈ వయసులో ఆయన్ని ఈ కొత్త స్క్రీన్‌తో హింసిస్తున్నారు అని మమ్మల్ని ఆడిపోసుకునేవారు. ఆయన అడక్కముందే ఎవరో ఒకరు వచ్చి ఫైలు తెరిచిపెట్టేవారు.

వారాలు గడిచాయి. తిట్లు తగ్గాయి. మనుషులు మెల్లగా అలవాటు పడ్డారు. లిఫ్ట్‌లోంచి దిగిపోయిన సర్జన్ కూడా ఒకరోజు గుడ్ మార్నింగ్ చెప్పాడు. డాక్టరుగారి కాల్స్ మాత్రం తగ్గలేదు.

ఇన్నేళ్లు ఇతరుల భుజాల మీదుగా స్క్రీన్లు చూసిన నాకు ఒక్క సంగతి బాగా తెలుసు. అలవాటైన వస్తువు చోటు మారితే చెయ్యి ముందు పాత చోటికే వెళ్తుంది. వెళ్లి, తప్పని తెలుసుకుని, వెనక్కి వస్తుంది. ఆసుపత్రిలో ప్రతి చెయ్యీ అలా ఎడమ మూలకి వెళ్లి వచ్చిందే. డాక్టరుగారి చెయ్యి మూలకి వెళ్లేది కాదు. మధ్యకీ వెళ్లేది కాదు. మౌస్ మీద కదలకుండా ఉండిపోయేది. ఆయన స్క్రీన్ వంక మర్యాదగా చూస్తూ, ఎవరైనా మాట్లాడితే బాగుండునన్నట్టు కూర్చునేవారు.

ఇది గమనించాక నాకు ఏదోలా అనిపించింది. నేను అలిసిపోయి ఏదేదో ఊహించుకుంటున్నానని సర్దిచెప్పుకున్నాను. మా సహోద్యోగితో అంటే, అతను చేతిలో ఉన్న స్టిక్కర్ల కట్ట జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, మనం కంప్యూటర్లు చూసేవాళ్లం, మనుషుల్ని చూడటానికి ఇక్కడ వేరేవాళ్లు ఉన్నారు అన్నాడు. వాళ్ల నాన్నకీ చివర్లో ఇలాంటిదేదో వచ్చిందని నాకు తెలుసు. అతను ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున్న డయాలసిస్ యూనిట్ ఛార్జ్ నర్సు నేరుగా మా మేనేజర్‌కి ఫోన్ చేసింది. ఈమెది ఫిలిప్పీన్స్. ఆ యూనిట్ మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపే మనిషి. మీ స్క్రీన్ వల్ల ఇవాళ ఒక ప్రాణం పోయేదని అరిచిందట. జరిగింది ఏంటంటే, డాక్టరుగారు ఒక రోగికి రాయాల్సిన మందు ఇంకో రోగి పేరు మీద ఆర్డర్ పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు అది. సూదిమందు ఎక్కించే ముందు ఒక నర్సుకి అనుమానం వచ్చి ఆపింది. డాక్టరుగారిని అడిగితే, ఈ కొత్త స్క్రీన్‌లో రెండు ఫైళ్లు పక్కపక్కన వచ్చి కూర్చుంటున్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదన్నారు. అందరూ నమ్మారు. నమ్మకపోవడానికి కారణం లేదు, ఆ ఇబ్బంది నిజంగానే ఉంది, ఇంకొందరు డాక్టర్లు కూడా దాని మీద ఫిర్యాదు చేశారు.

మేనేజర్ నన్ను పిలిచి వెళ్లి చూసి రమ్మంది. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదనీ, విండోలు అమరే తీరు వల్ల జరిగిందని రాసి కాల్ క్లోజ్ చేయమనీ చెప్పింది. ఒక రకంగా ఆవిడకి అది ఉపయోగమే. అలా రాస్తే బటన్ల తాళం తీయమని పైవాళ్లని గట్టిగా అడగొచ్చు. నేను అన్నాళ్లుగా కోరుకున్నది కూడా అదే.

యూనిట్‌కి వెళ్లాను. ఛార్జ్ నర్సు ఇంకా కోపంగానే ఉంది. ఆ మందు పడబోయింది కిటికీ పక్క కుర్చీలో ఉండే ముసలాయనకని చెప్పింది. స్టీల్ మిల్లులో పనిచేసి రిటైరయిన మనిషి, ఆ యూనిట్‌లో అందరికన్నా పాత పేషెంటు. ఆర్డర్ ఏ కంప్యూటర్ నుంచి పెట్టారని అడిగాను. వెనకాల ఉన్న చిన్న గది చూపించింది. ఇంతలో ఎవరి మెషీనో బీప్ బీప్ అని మోగడంతో అటు పరిగెత్తింది.

ఆ గదిలోకి వెళ్లి స్క్రీన్ వెలిగించాను.

బటన్ ఎడమ మూలలో ఉంది. విండోల అంచులు పలకల్లా చతురస్రంగా ఉన్నాయి. కాపీ, పేస్ట్ మాటల్లో ఉన్నాయి. ఆ గదిలో ఉన్న ఒక స్కానింగ్ మెషీన్ కొత్త సిస్టమ్‌తో పనిచేయదని, దానికి కలిపిన ఆ కంప్యూటర్‌ని చివర్లో మారుద్దామని పక్కన పెట్టాం. డాక్టరుగారు ఆ ఆర్డర్ పెట్టిన కంప్యూటర్‌ని మేం ఇంకా మార్చనే లేదు.

కుర్చీలో కూర్చుండిపోయాను. తలుపు దగ్గర అలికిడి అయితే చూశాను. డాక్టరుగారు.

"ఏమ్మా, నా వల్ల నీకు తిట్లా?" అన్నారు.

లేచి ఆయన్ని కూర్చోమన్నాను. పొద్దున్న ఆర్డర్ ఎలా పెట్టారో ఒక్కసారి చూపించండి సార్ అన్నాను. ఆయన కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, మౌస్ మీద చెయ్యి వేశారు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఏళ్ల తరబడి ఆయన రోజూ వాడిన స్క్రీన్ అది. ఆయన దాని వంక, కొత్తగా ఇంటికి వచ్చిన అతిథిని చూసినట్టు చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి, నవ్వుతూ అడిగారు.

"ఇదీ మార్చేశారా?"

"లేదండి సార్. ఇది పాతదేనండి. మేమింకా ముట్టుకోలేదు."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. లేచారు. వెళ్లిపోతున్నారనుకున్నాను. తలుపు వేసి వచ్చి మళ్లీ కూర్చున్నారు.

ఎప్పట్నుంచి చూస్తున్నావు అని అడిగారు. కొన్నాళ్ల నుంచని చెప్పాను. చెయ్యి సంగతి కూడా చెప్పాను. ఆయన తన కుడిచేతిని తిప్పి చూసుకున్నారు, అందులో ఏదో రాసి ఉన్నట్టు.

"నాకు పోయిన చలికాలం నుంచి తెలుసమ్మా," అన్నారు. "ఇదే ఇంకెవరికన్నా అయితే ఐదు నిమిషాల్లో టెస్టులకి పంపేవాణ్ణి. నాకు నేను రాసుకోలేకపోయా. వయసులే, నిద్ర సరిపోట్లేదులే అనుకుంటా వచ్చా. అప్పుడు మీరు ఈ కొత్త స్క్రీన్ తెచ్చారు. ఎంత హాయిగా ఉందో తెలుసా నాకు? పెద్ద పెద్ద డాక్టర్లు, నర్సులు, కుర్రాళ్లు, అందరూ నాలాగే వెతుక్కుంటన్నారు. ఈ కొన్ని వారాలు నేను ఒంటరిగా లేనమ్మా."

ఆ వారాల్లో ఆసుపత్రి మొత్తం మీద ఆ స్క్రీన్ వల్ల సుఖపడిన మనిషి ఆయనొక్కరే అయి ఉంటారు. తర్వాత ఆయనే చెప్పారు, మిగతావాళ్లకి మెల్లగా అలవాటవుతుంటే భయం మొదలైందని.

గోడ గడియారం చూశాను. భోజనాల వేళ అవుతోంది. ఆ రోజు మధ్యాహ్నం ఆయనకి క్లినిక్ ఉందని బయట బోర్డు మీద చూశాను.

"ఇవాళ క్లినిక్ వద్దండి సార్."

అప్పుడు ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపం నేనెప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు గానీ ముఖం గట్టిపడింది. "నువ్వు కంప్యూటర్లు చూసే మనిషివి. నాకు చెప్పడానికి నువ్వెవరు?" అన్నారు.

అది న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నుంచి నన్ను నేను ప్రశ్నించుకుంటున్నదీ అదే. నేనెవర్నీ కానని ఒప్పుకున్నాను. స్క్రీన్ వల్ల జరిగిందని రాయమని నన్ను పంపారనీ, అలా రాస్తే మా మేనేజరు, నర్సులు, మీరు, అందరూ సంతోషిస్తారనీ, నాకూ పోయేదేమీ లేదనీ చెప్పాను. చివరికి ఇంకేం చెప్పాలో తెలియక, "నా చేత అది రాయించకండి సార్," అన్నాను.

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. తర్వాత అడిగారు, "ఆ మందు ఎవరికి పడబోయిందంటున్నారు?"

పొద్దున్న జరిగిందే, నర్సులు ఆయన్ని అడిగిందే. ఆయనకి గుర్తులేదు. కిటికీ పక్క కుర్చీలో ఉండే స్టీల్ మిల్లు ముసలాయనకని చెప్పాను.

ఆయన ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. "ఆయనకా? ఆయనకి కడుపులో అల్సర్ ఉందమ్మా. ఒకసారి బ్లీడ్ అయి ఐసీయూలో పడ్డాడు. వాళ్లావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయనకి ఆ మందు ఇస్తే..." అని ఆగిపోయారు. ఎప్పటిదో ఆ రక్తం, ఆ ఐసీయూ, ఆ చేతులు అన్నీ ఆయనకి స్పష్టంగా ఉన్నాయి. పొద్దున్నే జరిగింది మాత్రం లేదు. ఆ సంగతి నాకన్నా ముందు ఆయనకే అర్థమైంది.

కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగారు.

"మీరే చెప్పండి సార్. నేను బయట కూర్చుంటానండి."

వాళ్ల విభాగం చీఫ్ ఆఫీసు పై అంతస్తులో ఉంది. దారి ఆయనకి తెలుసు, అయినా నువ్వూ రా అన్నారు. వెళ్తూ డయాలసిస్ యూనిట్ మధ్యలోంచి నడిచాం. కిటికీ పక్క ముసలాయన చెయ్యి ఊపాడు. డాక్టరుగారు ఆగి, ఆయన భుజం తట్టి, ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఇటు తిరిగి నిలబడ్డాను.

చీఫ్ గది తలుపు మూసుకున్నాక బయట కుర్చీలో కూర్చున్నాను. నారింజరంగు జాకెట్ ఒంటి మీదే ఉంది. వచ్చేపోయేవాళ్లు ఆగి ఆగి అడుగుతున్నారు. ఒకావిడకి ప్రింటర్ కనబడటం లేదు. ఇంకొకాయనకి అక్షరాలు చిన్నగా ఉన్నాయి. అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పాను. ఏం చెప్పానో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. చెవులు మాత్రం ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. లోపల్నుంచి మాటలు వినబడలేదు. చాలాసేపయ్యాక చీఫ్ బయటికి వచ్చి, సెక్రటరీతో మధ్యాహ్నం క్లినిక్ కాన్సిల్ చేయమని చెప్పింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చాలా ఏళ్ల కింద ఆయన దగ్గరే ట్రైనింగ్ అయిందట.

కిందికి దిగి మా మేనేజర్‌కి చెప్పాను, అది స్క్రీన్ సమస్య కాదని, కంప్యూటర్ పాతదేనని. మరి ఏంటని అడిగింది. చీఫ్‌ని అడగండి అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది. మా సెట్టింగ్ తాళం తీయించడానికి దొరికిన ఒకే ఒక్క ఆధారం నేను చేజేతులా పోగొట్టానని ఆవిడ బాధ. తర్వాత పైనుంచి ఏదో తెలిసినట్టుంది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ సాయంత్రం నా బల్ల మీద ఎవరో వేడి టీ పెట్టి వెళ్లారు. ఆరడుగుల మనిషి తప్ప ఇంకెవరూ కాదు.

టెస్టులు చేశారు. ఆయన అనుకున్నదే అయింది, మతిమరుపు జబ్బు, తొలి దశలో ఉందన్నారు. ఆయన రోగుల్ని చూడటం ఆ రోజుతోనే ఆపేశారు. పాత ఆర్డర్లన్నీ వేరే డాక్టర్లు తిరగేసి చూశారు. ఎవరికీ హాని జరగలేదని తేలింది. ఆ కబురు వచ్చాకే నాకు అన్నం సయించింది.

బయటికి రిటైరవుతున్నారని మాత్రమే చెప్పారు. ఎందుకో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, కారణం జనమే వెతుక్కున్నారు. కొత్త కంప్యూటర్లతో విసిగిపోయి వెళ్లిపోతున్నారని ఆసుపత్రి మొత్తం పాకింది. ఒక బటన్ జరిపి ఇంత మంచి డాక్టర్ని పోగొట్టుకున్నారు అని క్లర్కులు అనుకునేవారు, నేను వింటుండగానే.

వీడ్కోలు పార్టీ డయాలసిస్ యూనిట్ పక్క హాల్లో పెట్టారు. కేకు మీద ఎవరో క్రీముతో ఒక మానిటర్ బొమ్మ వేయించి, దానికి అడ్డంగా గీత కొట్టించారు. ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లందరూ దాని మీదే జోకులు వేశారు. డాక్టరుగారు అందరితో పాటు నవ్వారు. మేం కంప్యూటర్లవాళ్లం వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఛార్జ్ నర్సు కాగితం ప్లేటుతో నా దగ్గరికి వచ్చింది. కోపం లేదు, బాధే ఉంది. మీ స్క్రీన్ రాకపోతే ఆయన ఇంకొన్నాళ్లు మాతో ఉండేవారు అంది. నేను సారీ చెప్పాను.

డాక్టరుగారి భార్య ఒక పక్కగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను వెళ్లి నమస్కారం చేస్తే, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇంట్లో కూడా ఈయన అదే చెప్పేవారమ్మా, ఆస్పత్రిలో కంప్యూటర్లు మార్చారు, దాంతో బుర్ర పనిచేయట్లేదని," అన్నారు నెమ్మదిగా. "మా ఇంట్లో స్టవ్ ఎవరూ మార్చలేదు కదా, దాని ముందూ అలాగే నిలబడిపోయేవారు. నాకు తెలుస్తానే ఉంది. ఆయన నోటితో ఆయన చెప్పేదాకా నేను అడగలేకపోయా."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

జనం పల్చబడ్డాక డాక్టరుగారు మా దగ్గరికి వచ్చారు. నర్సు నాతో అన్న మాట ఆయన దూరం నుంచి విన్నారో, లేక మా ముఖాలు చూసి గ్రహించారో.

"నా నింద నువ్వు మోస్తన్నావమ్మా," అన్నారు.

"కంప్యూటర్లవాళ్లం కదండీ సార్," అన్నాను. "మాకు అలవాటేనండి."

ఆయన ఈసారి నిజంగా నవ్వారు. ఆ రోజంతా నవ్విన నవ్వుల్లాంటిది కాదు. తర్వాత టేబుల్ దగ్గరికి వెళ్లి, మిగిలిన కేకులోంచి ఒక పెద్ద ముక్క తనే కోసి, ప్లేటులో పెట్టి తెచ్చి నా చేతికిచ్చారు. తిను, పొద్దున్నుంచి తిరుగుతూనే ఉన్నావు అన్నారు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు, రోగుల దగ్గర కూర్చునేవారే, అలాగే. నేను తినడం పూర్తయ్యేదాకా లేవలేదు.